పదమూడు తులాలు

ఫైలకా దీవిల, జోర్ ఊరి అవతల,
తూటాలు తాకిన గోడ నీడకు కూసోని
మట్టి జల్లెడ పడుతున్న.
ఎగువ గుంట అంచుకు ఒంటె ఒకటి వచ్చి
మెడ చాపి చూసి పోయింది,
అచ్చం మా మేస్త్రీ లెక్కనే.

రెండువేల ఏండ్ల కింద ఇక్కడ గ్రీకోళ్లు ఉన్నరట.
కోట, గుడి, కుండల బట్టీ.
దెస్పీనా మేడం పసిపిల్ల తల దువ్వినట్టు
బట్టీ నోటికాడి దుమ్ము దులుపుతది.

"ఈ కుండలు ఎవలు జేసిండ్రు మేడం?"

"తెల్వదు. కొనుక్కొచ్చినోళ్లు కావచ్చు.
అసొంటోళ్లకు ఒక మాట ఉండె" అన్నది.
వచ్చీరాని హిందీల, ఆగి ఆగి, రెండుసార్లు పలికింది:
అర్గురోనేతోస్.
వెండి పోసి తెచ్చినోడు.

వెండి అనంగనే
నా చెయ్యి నడుము మీదికి పోయింది.
నల్లదారం తగిలింది.

ఒకప్పుడు ఆడ వెండి మొలతాడు ఉండె.
పురుడునాడు భోజన్న మామ కట్టింది.
నేను పెరిగినకొద్దీ
అవుసలాయన కొండ్లు కలుపుకుంట వచ్చిండు.
ఈతకు దిగినా ఇప్పలే, జరమొచ్చినా ఇప్పలే.
కోరుట్ల దుకాణంల ఇప్పిన.
సేటు నా మొకం చూడలే, తరాజు ముల్లు చూసిండు.
పదమూడు తులాలు.
మట్టి ఉన్నదని అర తులం తరుగు తీసిండు.
అది మట్టి గాదు సేటూ, నా ఒంటిదే అన్న.
ఒంటిదైనా తరుగు తరుగే అన్నడు.

వెండికి తొమ్మిది వేలొచ్చినయ్.
తక్కింది నూటికి మూడు రూపాయల మిత్తి.
అంతా కలిపి లక్షా అరవై వేలు
ఏజెంటు బల్ల మీద పెడితే
ఆజాద్ వీసా అన్నడు.
ఆ ఒక్క మాటకు గంత ధరనా,
ఇంకేదన్న చవుక మాట లేదా అని అడిగిన.
నవ్విండు. ఛాయ్ తెప్పిచ్చిండు.

నేను బానిసను గాదు, ఆ సంగతి నాకెరుకే.
శుక్రవారం సెలవు. జేబుల ఫోనున్నది.
నన్ను ఎవ్వడు కొట్టలే.
పాసుపోర్టు మాత్రం కఫీలు సొరుగుల ఉన్నది,
అది నాకంటే చల్లగ ఉన్నది, ఏసీల.

పొద్దుగూకేముందు ధైర్యం జేసి అడిగిన:
"మేడం, కొనేటోడు వెండి ఇయ్యకుంట
అమ్ముడువొయ్యేటోడే
తన వెండి తాను జోకి ఇచ్చుకుంటే
వానికి మీ భాషల ఏం పేరు?"

దువ్వుడు ఆపింది.
సంచిల పుస్తకం తీసి, తెరువకుంటనే మళ్ల పెట్టింది.
"మాట లేదు లింబాద్రీ.
అప్పటోళ్లకు ఆ ఆలోచన రాలే."

అప్పుడే జల్లెడల ఒక పెంక చిక్కింది.
కుండ చెవి అతికేకాడ
పచ్చిమట్టిని ఒత్తిన బొటనవేలి గుర్తు,
గీతలు గుడ కనవడుతున్నయ్.
నా వేలు పెట్టి చూసిన.
పట్టలే.
చిటికెన వేలు పెట్టిన,
గప్పుడు సరిగ్గ కూసున్నది.

మేడంకు చెప్పలే. ఆమె చూడనే చూసింది.
ఇద్దరం సముద్రం దిక్కు మర్లినం,
ఆడ చూసేతందుకు ఏం లేకున్నా.

పెంకకు నంబరు ఏసిండ్రు. రెండువందల పదిహేడు.
నా సివిల్ ఐడీల పన్నెండు అంకెలున్నయ్.

మరునాడు సంగతంతా రహమతుల్లాకు చెప్పిన.
ఆయనది సిల్హెట్ దిక్కు, నాకంటే ఎక్కువ పోసి వచ్చిండు.
ఆ మాట నోరు తిరుగక నాలుగుసార్లు తప్పు పలికిండు,
ఐదోసారికి పట్టుకున్నడు.
ఇగ అప్పటిసంది, పదిగంటల యాల్లకు
గుంట అవతలికెల్లి కేక పెడుతడు:

ఓ అర్గురోనేతోస్,
ఛాయ్ సల్లారుతున్నది, రా!